తొడ వెనుక కండరాల వ్యాయామాలు

పిరుదు అడుగు నుంచి మోకాలి కింది వరకు తొడ వెనుక భాగంలో నిలువుగా సాగే మూడు కండరాల జట్టును హ్యామ్‌స్ట్రింగ్స్ అంటారు. పరుగు, దూకడం, నేలమీది బరువు ఎత్తడం, వేగంగా పోతూ ఒక్కసారిగా ఆగడం వంటి పనులకు ఇవి ముఖ్యమైన ఆధారం. మైదానాల్లో ‘నరం పట్టేసింది’, ‘తొడ లాగేసింది’ అని వినిపించే బాధ చాలాసార్లు వీటిదే. అక్కడ తెగేది నరం కాదు, కండ పోగులు.

వీటిని బలపరిచే వ్యాయామాలు చాలా ఉన్నాయి, కానీ అన్నీ ఒకే పని చేయవు. ఈ కండరాలకు తుంటి దగ్గర ఒక పని, మోకాలి దగ్గర మరో పని ఉంది. ఒక్కో పనికి కనీసం ఒక వ్యాయామం, వాటికి తోడు వేగపు పరుగు ఉండాలన్నది ఎంపికకు మూలసూత్రం. కాళ్ల బలానికి మన ఊళ్లలో తరతరాలుగా చేస్తున్న బస్కీలు, గుంజీలు ఎంత మేలు చేసినా, ఈ అవసరాన్ని పూర్తిగా తీర్చవు.

పేరు, నిర్మాణం

పాత ఇంగ్లీషులో ‘హ్యామ్’ అంటే మోకాలి వెనుక మడత, ‘స్ట్రింగ్’ అంటే తాడు. కుర్చీలో కూర్చుని మడమను నేలకు నొక్కి వెనక్కి లాగుతూ మోకాలి వెనుక చేత్తో తడిమితే లోపలి వైపు, బయటి వైపు తాళ్లలా బిగిసిన కండర బంధాలు తగులుతాయి. పేరు వాటి నుంచి వచ్చింది.

బయటి వైపు ఉండేది బైసెప్స్ ఫెమోరిస్. లోపలి వైపు సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్ ఉంటాయి. బైసెప్స్ ఫెమోరిస్‌కు పొడవు పాయ, పొట్టి పాయ అని రెండు భాగాలు. పొట్టి పాయ తప్ప మిగిలినవన్నీ కూర్చున్నప్పుడు నేలకు ఆనే పిరుదు ఎముక దగ్గర మొదలై, తుంటి కీలును, మోకాలి కీలును రెండింటినీ దాటి కింది కాలి ఎముకలకు అతుక్కుంటాయి. పొట్టి పాయ తొడ ఎముక మీదే మొదలవుతుంది కాబట్టి అది మోకాలిని మాత్రమే దాటుతుంది. తుంటి వ్యాయామాలు ఎన్ని చేసినా ఈ పాయకు పని తగలదు. రెండు రకాల వ్యాయామాలూ కావాలనడానికి మొదటి కారణం ఇదే.

పనితీరు

ఈ కండరాలు తుంటిని వెనక్కి చాపుతాయి, అంటే ముందుకు వంగిన ఒంటిని నిటారుగా లేపుతాయి. మోకాలిని మడుస్తాయి. మోకాలు మడిచినప్పుడు కింది కాలిని కొద్దిగా లోపలికో బయటికో తిప్పుతాయి.

వీటి అతి కష్టమైన పని పరుగులో కనిపిస్తుంది. గాలిలో ముందుకు ఊగిన కాలు నేలను తాకబోయే ముందు తుంటి మడిచి, మోకాలు చాచి ఉంటుంది. ఆ క్షణంలో తొడ వెనుక కండరాలు ఒకవైపు సాగుతూ, మరోవైపు దూసుకుపోతున్న కింది కాలికి పగ్గం వేయాలి. బావిలోకి చేద దించేటప్పుడు చేతులు తాడును వదులుతూనే పట్టి ఉంచుతాయి కదా, ఇదీ అలాంటిదే. సాగుతూ బరువును ఆపే ఈ పనిని క్రీడాశాస్త్రంలో ఎక్సెంట్రిక్ పని అంటారు. పరుగులో కలిగే గాయాలు ఎక్కువగా ఈ దశలోనే, బైసెప్స్ ఫెమోరిస్ పొడవు పాయలోనే కలుగుతాయి. సాగుతూ బలం చూపగలిగేలా కండరాన్ని తయారు చేయడమే మంచి వ్యాయామం పని.

సంప్రదాయ వ్యాయామాలు

తెలుగునాట తాలింఖానాల్లో, గోదాల దగ్గర వస్తాదులు శిష్యుల చేత దండీలు, బస్కీలు వందల్లో తీయించేవారు. వీరఘట్టంలో పుట్టి దేశదేశాల్లో బలప్రదర్శనలు ఇచ్చిన కోడి రామమూర్తి నాయుడు ఎదిగింది ఆ సంప్రదాయంలోనే. బస్కీ తొడ ముందు కండరాలను, పిరుదును, తొడ లోపలి కండరాలను బాగా పెంచుతుంది. తొడ వెనుకకు మాత్రం దాని వల్ల దక్కేది తక్కువ. బస్కీలో కిందికి దిగేటప్పుడు తుంటి మడత ఈ కండరాలను సాగదీస్తుంది. అదే సమయంలో మోకాలి మడత వాటిని కుదిస్తుంది. ఒకచోట సాగింది మరోచోట కుదించుకుపోతుంది కాబట్టి మొత్తం పొడవు పెద్దగా మారదు. 2019లో జపాన్ పరిశోధకులు 10 వారాల పాటు బరువుతో బస్కీలు చేయించి కొలిచినప్పుడు పిరుదు, తొడ ముందు, తొడ లోపలి కండరాలు పెరిగాయి. తొడ వెనుక కండరాల్లో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు.

వాటికి అసలైన పని పెట్టేవి నేలనుంచి ఎత్తే వ్యాయామాలు. దక్షిణ తమిళనాడులో పొంగల్ రోజుల్లో యువకులు పోటీపడి భుజానికెత్తే ఇలవట్టక్కల్, తెలుగు పల్లెల్లోని రాతి గుండు, మిల్లుల దగ్గర హమాలీలు ఎత్తే బస్తా ఈ కోవకు చెందుతాయి. మోకాళ్లు కొద్దిగా మడిచి, తుంటి దగ్గర ఒళ్లు మడిచి, బరువును పట్టి లేచే కదలికకు తొడ వెనుక భాగం, పిరుదు, నడుము కలిసి పనిచేయాలి. నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు గంటల తరబడి నిలిచే భంగిమ కూడా తుంటి మడతే. ఆ కదలిక మన ఒంటికి కొత్త కాదు. దానికి క్రమంగా బరువు చేర్చే పద్ధతే కొత్త.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. స్నాచ్‌లోనైనా, క్లీన్ అండ్ జెర్క్‌లోనైనా బరువు నేలను వదిలే తొలి లాగుడుకు తుంటిని చాపే ఈ కండరాలు కావాలి.

తుంటి వ్యాయామాలు

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్: ఈ వర్గంలో అన్నిటికంటే ఉపయోగకరమైనది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన రొమేనియా వెయిట్‌లిఫ్టర్ నికు వ్లాద్ చేసి చూపిన కదలిక కాబట్టి ఆ పేరు స్థిరపడింది. నిలబడి బరువును తొడలకు ఆనించి పట్టుకోవాలి. మోకాళ్లు కొద్దిగా సడలించి, అదే కోణంలో ఉంచి, వెనుకనున్న తలుపును పిరుదుతో నెట్టినట్టు తుంటిని వెనక్కి తోయాలి. వెన్ను వంగకూడదు. తొడ వెనుక గట్టిగా లాగిన చోట ఆగి తిరిగి లేవాలి. బరువు నేలను తాకాలన్న నియమం లేదు. దించేటప్పుడు 3 సెకన్లు తీసుకుంటే సాగుతూ ఆపే పని బాగా జరుగుతుంది.

ఒంటికాలి డెడ్‌లిఫ్ట్: ఒక కాలిమీద నిలబడి, మరో కాలిని వెనక్కి చాపుతూ వంగడం. తక్కువ బరువుతోనే ఎక్కువ పని జరుగుతుంది. కుడి ఎడమల మధ్య తేడా వెంటనే బయటపడుతుంది. పరుగు అంటేనే ఒంటికాలి పని కాబట్టి అథ్లెట్లకు ఇది చాలా మేలు.

వెన్ను బెంచి: 45 డిగ్రీల వాలు బెంచిమీద తొడలు ఆనించి, మడమలు బిగించి, తుంటి దగ్గర వంగి లేవడం. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు 10 వారాల పాటు ఒక జట్టుకు ఈ వ్యాయామాన్ని, మరో జట్టుకు కింది భాగంలో వివరించిన నార్డిక్ వ్యాయామాన్ని ఇచ్చి పోల్చారు. ఎక్కువగా గాయపడే బైసెప్స్ ఫెమోరిస్ పొడవు పాయ తుంటి వ్యాయామంతో బాగా పెరిగింది. సెమిటెండినోసస్, పొట్టి పాయ నార్డిక్‌తో బాగా పెరిగాయి. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదని ఆ ఫలితం చెబుతుంది.

వీపు పైభాగాన్ని బెంచికి ఆనించి తుంటిని పైకి లేపే హిప్ థ్రస్ట్‌లో ప్రధానంగా పిరుదుకే పని ఎక్కువ. తొడ వెనుకకు అది సహాయక వ్యాయామం మాత్రమే.

మోకాలి వ్యాయామాలు

నార్డిక్: మోకాళ్లమీద నిలబడితే తోటివారు మడమలను గట్టిగా నేలకు అదిమి పట్టుకుంటారు. తల నుంచి మోకాలి వరకు ఒళ్లు ఒకే గీతలో ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఇక ఆగలేనప్పుడు చేతులతో నేలను ఆపి, చేతులతోనే తోసుకుని వెనక్కి రావాలి. పరికరం అక్కర్లేదు. 2011లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో 50 ఫుట్‌బాల్ జట్లకు చెందిన 942 మంది పాల్గొన్నారు. నార్డిక్ చేసిన జట్లలో 15, చేయని జట్లలో 52 తొడ వెనుక గాయాలు నమోదయ్యాయి. పాత గాయం తిరగబెట్టడంలో తగ్గుదల ఇంకా ఎక్కువ. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రూపొందించిన ఫిఫా 11+ సన్నాహక వ్యాయామాల్లో ఇదీ ఒకటి.

ఆ అధ్యయనం పాటించిన మోతాదు క్రమంగా పెరుగుతుంది. మొదటి వారం ఒకే రోజు 5 సార్ల చొప్పున 2 విడతలు. రెండో వారం రెండు రోజులు, 6 సార్ల చొప్పున 2 విడతలు. మూడో వారం నుంచి మూడు రోజులు, 3 విడతలు. ఐదో వారానికి విడతకు 12, 10, 8 సార్లు. 10 వారాల తర్వాత వారానికి ఒక్కరోజు చాలు. తక్కువ మోతాదుతోనూ బలం, కండ పోగుల పొడవు పెరుగుతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. పూర్తిగా మానేస్తే పెరిగిన పొడవు నెల రోజుల్లోనే తగ్గిపోతుంది. కొద్దిగానైనా ఏడాది పొడవునా చేయడమే మేలు.

లెగ్ కర్ల్ యంత్రం: బోర్లా పడుకుని చేసేది, కూర్చుని చేసేది అని రెండు రకాలు. కూర్చున్నప్పుడు తుంటి మడిచి ఉంటుంది కాబట్టి కండరం ముందే సాగి ఉండి పనిచేస్తుంది. 2021లో వెలువడిన 12 వారాల అధ్యయనంలో ఒకే మనిషి ఒక కాలితో కూర్చుని, రెండో కాలితో పడుకుని చేశారు. తొడ వెనుక కండరాలు కూర్చుని చేసిన కాలిలో సగటున 14 శాతం, పడుకుని చేసిన కాలిలో 9 శాతం పెరిగాయి. జిమ్‌లో రెండూ ఉంటే కూర్చుని చేసేదాన్నే ఎంచుకోవాలి.

వేగపు పరుగు

పూర్తి వేగంతో పరిగెత్తినప్పుడు తొడ వెనుక కండరాలపై పడే ఒత్తిడికి బరువుల గదిలో చేసే ఏ వ్యాయామమూ పూర్తిగా సాటిరాదు. అందుకే వేగపు పరుగు గాయానికి కారణమూ అవుతుంది, రక్షణా అవుతుంది. నెలల తరబడి సగం వేగంతో చుట్లు తిరిగి, పోటీ రోజున ఒక్కసారిగా పూర్తి వేగం తీసేవారికే ప్రమాదం ఎక్కువ. వారానికి ఒకటి రెండుసార్లు 30 నుంచి 40 మీటర్ల పరుగులు నాలుగైదు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతితో, వారాలు గడిచేకొద్దీ వేగం పెంచుతూ చేయాలి.

విశాఖపట్నం అథ్లెట్ జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 13 సెకన్లలోపు పరిగెత్తిన తొలి భారతీయ మహిళ. 2023లో చెంగ్డు ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలుచుకుంది. హర్డిల్ దాటే కాలు తుంటి దగ్గర బాగా మడిచి, మోకాలి దగ్గర దాదాపు చాచి ఉంటుంది. పరుగు వేగంలోనే అంత సాగుదల తట్టుకోవాలంటే కండరానికి సాగే గుణం ఒక్కటే చాలదు, సాగిన స్థితిలో బలం ఉండాలి.

ఆటను బట్టి ఎంపిక: కోవిల్‌పట్టి హాకీ

తూత్తుక్కుడి జిల్లాలోని కోవిల్‌పట్టి పేరు చెప్పగానే తమిళనాడులో వేరుశెనగ మిఠాయి, అగ్గిపెట్టెలతో పాటు హాకీ గుర్తుకొస్తుంది. నాగలాపురం, ఎట్టయపురం, విలాత్తికుళం నుంచి విరుదునగర్ వైపు పరచుకున్న ఈ నల్లరేగడి సీమలో శతాబ్దాలుగా తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ నడిపే కోవిల్‌పట్టి హాకీ శిక్షణ కేంద్రంలో తయారైన మారీశ్వరన్ శక్తివేల్, కార్తీ సెల్వం 2022లో జకార్తాలో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టుకు ఆడారు. ఆ పోటీలో భారత్ కాంస్యం గెలిచింది.

హాకీ ఆటగాడు నిటారుగా పరిగెత్తే రన్నర్ లాంటివాడు కాడు. బంతి నేలమీద, కర్ర చేతిలో ఉండటం వల్ల నడుము పైభాగం వంచే పరిగెత్తాలి. తుంటి మడిచి ఉన్నప్పుడు తొడ వెనుక కండరం ముందే సాగి ఉంటుంది. దానిపై పరుగు ఒత్తిడి అదనం. 91.4 మీటర్ల పొడవు మైదానంలో 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాల ఆటలో మళ్లీమళ్లీ వేగం అందుకోవాలి, ఆగాలి, పక్కకు తిరగాలి. అందుకని హాకీ ఆటగాళ్లకు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, వెన్ను బెంచి వంటి సాగిన స్థితి వ్యాయామాలు మొదట రావాలి. తర్వాత నార్డిక్, ఆ పైన వంగి పరిగెత్తే అభ్యాసం.

కబడ్డీలో రైడర్ కాలిని దూరంగా చాచి తాకాలి, పట్టుబడిన కాలిని లాక్కోవాలి. అక్కడ ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, నార్డిక్ రెండూ అవసరం. ఫాస్ట్ బౌలర్‌కు ముందు కాలు నేలను గుద్దే క్షణానికి తుంటి బలం కావాలి. వెయిట్‌లిఫ్టర్లకు తుంటి బలం పోటీ లిఫ్టుల్లోనే కొంత వస్తుంది కాబట్టి వారు మోకాలి వ్యాయామం చేర్చుకుంటే సరిపోతుంది. దూరపు పరుగు వారికి బరువు మితంగా ఉన్నా పర్వాలేదు కానీ పూర్తిగా వదిలేయకూడదు.

పరికరాలు లేని చోట

పల్లె బడికి జిమ్ ఉండదు. ఉన్నవాటితోనే ఈ కండరాలను బలపరచవచ్చు.

అరుగు వంతెన: నేలమీద వెల్లకిలా పడుకుని, ఒక మడమను అరుగు అంచునో బల్లమీదో ఆనించి, మోకాలు కొద్దిగా మడిచి, రెండో కాలు పైకెత్తి నడుము లేపడం. ఒక్కో కాలితో 20 సార్లు చేయలేకపోతే ఆ కాలు బలహీనంగా ఉందని భావించి సాధన పెంచాలి.

జారుడు మడత: నున్నటి గచ్చుమీద వెల్లకిలా పడుకుని, మడమల కింద తువాలు వేసి, నడుము లేపి, కాళ్లను నెమ్మదిగా ముందుకు జార్చి మళ్లీ లాక్కోవడం. మొదట్లో జార్చడం వరకే చేసి, నడుము దించి కాళ్లు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇసుక బస్తా డెడ్‌లిఫ్ట్: గోనెసంచిలో 10 కిలోల ఇసుకతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి కొద్దికొద్దిగా పెంచడం.

వీటికి తోటి పిల్లవాడి చేతులతో చేసే నార్డిక్‌ను చేరిస్తే జిమ్ పరికరం ఏదీ అవసరం లేని పూర్తి బలసాధన అవుతుంది.

వారపు ప్రణాళిక

బలసాధనకు వారంలో రెండు రోజులు చాలు. మొదటి రోజు రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ 6 నుంచి 8 సార్ల చొప్పున 3 విడతలు, నార్డిక్ 4 నుంచి 6 సార్ల చొప్పున 2 విడతలు. రెండో రోజు ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ లేదా అరుగు వంతెన 8 నుంచి 10 సార్ల చొప్పున 3 విడతలు, లెగ్ కర్ల్ లేదా జారుడు మడత 8 నుంచి 12 సార్ల చొప్పున 3 విడతలు. మిగిలిన రోజుల్లో ఒకటి రెండుసార్లు వేగపు పరుగులు. కొత్తవారికి నార్డిక్ తర్వాత రెండు రోజులు తొడ నొప్పిగా ఉండటం సహజం. అందుకే పోటీకి కనీసం రెండు రోజుల ముందే బరువైన సాధన ముగించాలి. సీజన్ మధ్యలో నార్డిక్ కొత్తగా మొదలుపెట్టడం కంటే సెలవుల్లో మొదలుపెట్టడం మంచిది.

గాయం, కోలుకోవడం

యూరప్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బుల్లో జరిగిన దీర్ఘకాల అధ్యయనంలో మొత్తం గాయాల్లో తొడ వెనుక గాయాల వాటా 2001–02 సీజన్‌లో 12 శాతం ఉంటే, 2021–22 నాటికి 24 శాతానికి పెరిగింది. ఎంత గొప్పవారికైనా ఇది తప్పదు. 2017 లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఉసేన్ బోల్ట్ తన చివరి రిలే పరుగును తొడ పట్టేసి మధ్యలోనే ఆపేశాడు. 2021లో భారత స్ప్రింటర్ హిమా దాస్ తొడ వెనుక గాయంతో టోక్యో ఒలింపిక్స్‌కు దూరమైంది.

గాయం రెండు విధాలుగా కలుగుతుంది. ఒకటి పరుగులో బైసెప్స్ ఫెమోరిస్‌కు, మరొకటి కాలిని అతిగా చాచినప్పుడు సెమిమెంబ్రనోసస్‌కు. నర్తకులలో కనిపించేది రెండోదే. మొదట్లో నొప్పి తక్కువగా ఉన్నా దీనికి ఎక్కువ కాలం పడుతుంది.

గాయపడిన తొలి రోజుల్లో నూనె రాసి గట్టిగా రుద్దించుకోవడం, కాలు తొక్కించుకోవడం, బలవంతంగా సాగదీయడం తెగిన పోగులను ఇంకా చీలుస్తాయి. పరుగు ఆపి, చల్లని గుడ్డ పెట్టి, బ్యాండేజీ చుట్టి, నొప్పి లేనంత మేర నడవాలి. ‘టప్’మన్న శబ్దం వినిపించినా, తొడ వెనుక నల్లగా కమిలినా, అడుగు వేయలేకపోయినా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఎదిగే వయసు పిల్లల్లో కండరం తెగడానికి బదులు పిరుదు ఎముక ముక్కే ఊడి రావచ్చు. కాబట్టి వారికి ఎక్స్‌రే అవసరం కావచ్చు. నడుము నుంచి కాలిలోకి తిమ్మిరి, మంట దిగుతుంటే అది కండర గాయం కాక నరం నొక్కుకోవడం వల్ల వచ్చే సయాటికా కావచ్చు.

కోలుకునే దశలోనూ సాగుతూ చేసే వ్యాయామాలదే పైచేయి. 2013లో స్వీడన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిపిన అధ్యయనంలో సాగిన స్థితి వ్యాయామాలు చేసినవారు సగటున 28 రోజుల్లో, మామూలు వ్యాయామాలు చేసినవారు 51 రోజుల్లో మైదానానికి తిరిగొచ్చారు. నొప్పి తగ్గినంత మాత్రాన నయమైనట్టు కాదు. రెండు కాళ్ల బలం సమానమై, పూర్తి వేగపు పరుగు నొప్పి లేకుండా పలుమార్లు చేయగలిగాకే ఆటలోకి దిగాలి. తొందరపడినవారికి అదే చోట మళ్లీ గాయమవుతుంది.

సారాంశం

తొడ వెనుక కండరాలకు అన్నిటికంటే మంచి వ్యాయామం అంటూ ఒక్కటి లేదు. మంచి జత ఉంది. తుంటి దగ్గర మడిచి లేచేది ఒకటి, మోకాలి దగ్గర సాగుతూ ఆపేది ఒకటి, ఈ రెండిటికీ పరీక్షగా వేగపు పరుగు. వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు పిల్లల చేత బస్కీలు మాన్పించనక్కర్లేదు. వాటి పక్కన ఈ జతను చేర్చి, ఏడాది పొడవునా వదలకుండా చేయించాలి.